ఇత్తడి పలక మీద మసి

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ, అబుదాబి
16 జనవరి 2022

పెద్దిరాజు మావయ్యకి మీ మేనకోడలు దుర్గ దండాలు పెట్టి రాసుకుంటున్నది. అత్తయ్య మోకాలు ఎలా ఉందో ముందు అది రాయండి, తర్వాతే మిగతావి.

ఫోన్ చేస్తే మీకు వినబడదు. మీకు వినబడేలా అరిస్తే ఇక్కడ వీధి వీధంతా వింటుంది. అందుకే మీ మనవరాలు తన్మయి చెప్పినట్టు కాయితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. మీరు కూడా అలాగే రాసి దాని చేత ఫోటో తీయించి పంపండి.

నేను ఇల్లు మారాను. బనియాస్‌లో ఆ అరబ్బు ఇంట్లో పిల్లల వెనక పరిగెత్తలేక నడుం పడిపోయింది. ఇప్పుడు ఈ ఇంట్లో ఒక్కరే మనిషి. ఇంగ్లండ్ ఆయన, పేరు హ్యారీ. విమానాల ఇంజనీరుగా ఇక్కడే చేసి రిటైరయ్యారు, భార్య పోయారు. మెత్తని మనిషి. డ్రైవరు షాహబాజ్‌ది మన నెల్లూరు జిల్లా కావలి. నేను ఫోన్లో మాట్లాడుతుంటే విని, "మీది యాడక్కా, గోదారి పక్కా?" అన్నాడు. ఇద్దరు ఆడపిల్లలున్నారట. తమ్ముడు దొరికినట్టయింది నాకు.

మీకు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. ఈ ఇంటి హాల్లో గోడకి ఒక పెద్ద ఇత్తడి పలక బిగించి ఉంది. అది ఒక బొగ్గు ఇంజను పేరు పలకట. పెద్ద యుద్ధం అయ్యాక వాళ్ల రైల్వేవాళ్లు కొత్త ఇంజన్లకి వైమానిక దళాల పేర్లు, యుద్ధ విమానాల పేర్లు పెట్టారట. ఆకాశంలో పోరాడి దేశాన్ని కాపాడిన వాళ్లని తలుచుకోవడానికి. ఈ పలక మీద ఒక దళం పేరు ఉంది. రైలుకి విమానం వాళ్ల పేరేమిటని నాకు నవ్వొచ్చింది. మీరైతే నవ్వరని తెలుసు.

అది మాత్రం మసిగొట్టుకుపోయి ఉంది మావయ్యా. అక్షరాల మధ్య నల్లగా గడ్డకట్టింది. ఒక చివర ఎవడో జిడ్డు చేత్తో పట్టుకున్న గుర్తు కూడా అలాగే ఉంది. ఇల్లంతా అద్దంలా ఉంచి అదొక్కటీ అలా వదిలేస్తే చూసేవాళ్లు పనిమనిషిని కదా అంటారు? మొదటిరోజే గుడ్డ పట్టుకుని వెళ్తే సార్ "నో, నో" అని గుడ్డ నా చేతిలోంచి తీసేసుకున్నారు. నా నడుం నొప్పి చూసి జాలిపడ్డారు కాబోలు.

మీ మేనకోడలు,
వీరదుర్గ


రాజమండ్రి
30 జనవరి 2022

అమ్మాయి దుర్గకి మావయ్య ఆశీస్సులు. మీ అత్తయ్య మోకాలు నా మాట వినదు, నేను దాని మాట వినను, ఇద్దరం బాగానే ఉన్నాం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తన్మయి ఫోన్ తిరిగివ్వమని గొడవ. నువ్వు నవ్వితే నవ్వావు గాని, ఇంజనుకి విమానం పేరు పెట్టడం మాకూ తెలుసు. నేను బిట్రగుంట షెడ్డులో క్లీనరుగా చేరిన కొత్తలో డెబ్బై ఒకటి యుద్ధం జరిగింది. మన చిన్న విమానం నాట్, శత్రువుల పెద్ద విమానాల్ని కూల్చిందని రేడియోలో విని షెడ్డంతా ఊగిపోయాం. పైవాళ్లని అడగకుండానే మా ఫోర్‌మన్ త్రిమూర్తులు గారు ఒక ఇంజను మొహానికి ఇత్తడి అక్షరాలు పోతపోయించి 'నాట్' అని బిగించారు. ఆ అక్షరాలు తోమే పని నాది. స్టేషన్లో ఆగితే జనం దండాలు పెట్టేవారు.

ఇత్తడి నల్లబడితే ఇంజనుకి అవమానం అనేవారు త్రిమూర్తులు గారు. మీ సారు నీ చేతిలో గుడ్డ తీసుకున్నాడంటే ఆయన మర్యాదస్తుడు. పెద్దవాడు, తను తోమలేడు, ఆడమనిషి చేత బరువు పని చేయించలేడు. ఆయన మనసులో ఆ బాధ ఉండే ఉంటుంది. ఆ పలక మెరవాలని ఎవరికుండదు?

నువ్వు చెయ్యి. చింతపండు నానబెట్టి గుజ్జు తియ్యి, గల్లుప్పు కలుపు, బాగా పట్టించి కాసేపు వదిలెయ్యి. తర్వాత కొబ్బరిపీచుతో రుద్దు. అక్షరాల మూలల్లో వేపపుల్ల నమిలి దాంతో తియ్యి. ఆ వేపపుల్ల మీకు అక్కడ దొరక్కపోతే పాత పళ్లబ్రష్షు చాలు. ఆయన లేనప్పుడు చేసి పెట్టు. వచ్చి చూసుకుని మురిసిపోతాడు.

ఆ కావలి అబ్బాయిని అడిగానని చెప్పు. బిట్రగుంట పక్క స్టేషనేగా. వాళ్ల ఊరి బిర్యానీ తిని పెరిగాను నేను.

నీ మావయ్య,
పెద్దిరాజు
(స్టీమ్ ఫైర్‌మన్, రిటైర్డ్)


అబుదాబి
13 మార్చి 2022

ఫైర్‌మన్ మావయ్యకి దుర్గ శుభవార్త రాస్తున్నది. మీ పలక మెరిసింది.

సార్ కంటి ఆపరేషన్‌కని ఇంగ్లండ్ వెళ్లారు. షాహబాజ్ చేత బనియాస్‌లో మనవాళ్ల కొట్టునుంచి చింతపండు తెప్పించాను. "పులుసు పెడ్తాండావా అక్కా, నాకూ ఒక గిన్నె" అన్నాడు. అవునన్నాను, చివరికి అతనికీ చెప్పకుండా చేయాలని సరదా. అతను షార్జా వాళ్ల బావ దగ్గరికి వెళ్లిన రోజు మొదలుపెట్టాను. మావయ్యా, ఎంత మసి! నీళ్లు తారులా దిగాయి. చేతులు పుళ్లుపడ్డాయి. ఆ జిడ్డు చెయ్యి గుర్తయితే ఒక పట్టాన వదల్లేదు. దానికి మళ్లీ ఉప్పు పెట్టి రుద్దితే గాని పోలేదు. అక్షరాల మధ్య నీలం రంగు బయటపడింది. ఆకాశం రంగు. నాకు ఒళ్లు పులకరించింది.

మొన్న సార్ వచ్చారు. నేను సూట్‌కేసు తెస్తూ వెనకాల ఉన్నాను. హాల్లోకి వచ్చి ఆగిపోయారు. పలక దగ్గరకి వెళ్లి, ఆ చివర చెయ్యి వేసి, అలాగే నిలబడి ఏడ్చారు మావయ్యా. ముసలాయన, అంత పెద్దమనిషి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చారు. తర్వాత గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు, అన్నం తినలేదు. అంత ఆనందం పట్టలేకపోయారు. నేనే చేశానని చెబుదామనుకున్నాను గాని, గొప్పలు పోతున్నట్టుంటుందని ఆగాను. అడిగినప్పుడు చెబుతాను. మీ పేరు కూడా చెబుతాను.

మీ శిష్యురాలు,
దుర్గ


రాజమండ్రి
17 మార్చి 2022

నా బంగారుతల్లి దుర్గకి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం పట్టుకుని సాయంత్రం మా రైల్వే పెన్షనర్ల అరుగు దగ్గరికి పోయాను. నా వినికిడి మిషను పెట్టుకోకపోయినా అందరూ చప్పట్లు కొట్టడం వినబడింది. ఇంగ్లండ్ ఇంజను పలకని రాజమండ్రి చింతపండు తోమింది అని అందరికీ చదివి చెప్పాను. మాతో కూర్చునే మాణిక్యం టీ పోయించాడు. ఎప్పుడూ నా మాట కొట్టేసేవాడు, ఇవాళ నోరెత్తలేదు.

తోమిన పలక ఫోటో తీసి పంపు. తోమకముందుది కూడా ఉంటే మరీ మంచిది. అరుగు మీద గోడకి అంటిస్తాం. మీ సారు పిలిచి అడిగితే మొహమాటపడక చెప్పు: మా మావయ్య నాట్ ఇంజను తోమినవాడు అని.

మీ అత్తయ్యకి చెబితే, ఆనందమైతే అన్నం మానేస్తారా అంది. దానికి రైల్వే మనసు తెలియదు.

గర్వంతో,
నీ మావయ్య


అబుదాబి
2 ఏప్రిల్ 2022

మావయ్యా,

అత్తయ్య అన్నదే నిజం. ఉగాది పూట ఇది రాయాల్సి వచ్చింది. పచ్చడి చేసుకోలేదు, నోటికి ఏమీ పోలేదు.

మీకు ఉత్తరం రాసిన కొద్దిరోజులకి షాహబాజ్ వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కారులో సార్ ఇంగ్లండ్‌లో ఉన్న కూతురితో మాట్లాడటం విన్నాడట. ఆ ఇంజను సార్ వాళ్ల నాన్న నడిపినదట. బొగ్గు ఇంజన్లు ఆపేసినప్పుడు, దాన్ని తుక్కుకి పంపేముందు, ఆయన ఆ పలక తెచ్చుకున్నారట. చివరి పరుగు మసి ఉండగానే, నూనె చేత్తో పట్టుకుని ఇంటికి మోసుకొచ్చారట. ఆ ఏడాదే పోయారు. వాళ్లమ్మ బతికినన్నాళ్లూ ఆ పలక మీద గుడ్డ పడనివ్వలేదట. సార్‌కి వాళ్ల నాన్నవి ఫోటోలు కూడా ఎక్కువ లేవు. ఆ చెయ్యి గుర్తే ఆయనకి నాన్న. రోజూ పొద్దున కాఫీ తాగుతూ ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టేవారట, అది నేనూ చూశాను, గోడ పట్టుకుని నిలబడుతున్నారనుకున్నాను. "ఎవరో మా నాన్నను తుడిచేశారు అని కూతురికి జెప్తా ఏడ్చినాడక్కా" అన్నాడు షాహబాజ్.

అతనికి చింతపండు సంగతి తట్టిందని మొహం చూస్తేనే తెలిసింది. ఏమీ అడగలేదు.

ఆ సాయంత్రం సార్ మా ఇద్దరినీ హాల్లోకి పిలిచారు. కేకలు వేయలేదు. ఎవరు చేశారు అని మాత్రం అడిగారు. నేను నేల చూశాను. షాహబాజ్ నావైపు చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. చాలాసేపు చూశాడు. తర్వాత "నాకు తెలీదు సార్" అన్నాడు. కారు ముందుండే ఇత్తడి బొమ్మ తోమడానికి షాహబాజ్ వాడే పాలిష్ డబ్బా గారేజీలో ఉండేది, సార్ దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టారు. షాహబాజ్ దాన్ని చూసి కూడా ఏమీ అనలేదు. నాకు మొదటిరోజే వద్దన్నారు కదా, నేను ముట్టనని నమ్మారు కాబోలు. మర్నాడు అతన్ని పంపిన కంపెనీకి ఫోన్ చేసి వేరే డ్రైవరుని పంపమన్నారు. మధ్యాహ్నానికి సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. "పొయ్యొస్తానక్కా, పైలం" అని నాకే జాగ్రత్త చెప్పాడు.

ఏం చేయను మావయ్యా? సిగ్గుతో చచ్చిపోతున్నాను.

దుర్గ


రాజమండ్రి
5 ఏప్రిల్ 2022

దుర్గకి,

అక్షరం సరిగ్గా లేకపోతే ఏమీ అనుకోకు.

మసిని దాచుకునే మనిషి ఉంటాడని నాకేం తెలుసు? చెప్పి ఉండాల్సింది. గుడ్డ తీసేసుకుంటే సరిపోతుందా? నోటితో చెప్పాలి కదా. తప్పు ఆయనది కూడా ఉంది.

నువ్వు మాత్రం నోరు విప్పకు. అయిందేదో అయింది. ఆ కుర్రాడికి లైసెన్సు ఉంది, ఈ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు. నీకు అలా కాదు. ఈ వయసులో మళ్లీ ఏ ఇంట్లో పడతావో, ఎలాంటివాళ్ల దగ్గర పడతావో. నువ్వు చెప్పినంత మాత్రాన ఆ మసి తిరిగొస్తుందా? ఆయన బాధ తగ్గుతుందా? ఇద్దరూ పోవడం తప్ప ఏమీ ఉండదు. కొన్నాళ్లు తలవంచుకుని పని చేసుకో. అన్నీ సర్దుకుంటాయి.

ఫోటో పంపనక్కర్లేదు.

మావయ్య


అబుదాబి
24 ఏప్రిల్ 2022

మావయ్యకి,

మీరన్నట్టే ఉన్నాను. నోరు విప్పలేదు.

కొత్త డ్రైవరు కేరళ ఆయన. నాతో మాట్లాడడు, నయమే. సార్ ఇప్పుడు పొద్దున్న కాఫీ తోటలో తాగుతున్నారు. హాల్లోకి రారు. నిన్న మందులు ఇస్తుంటే నా చెయ్యి పట్టుకుని, ఈ ఇంట్లో నమ్మదగ్గ మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు అన్నారు. నేను గ్లాసు కడగాలని చెప్పి వంటింట్లోకి పారిపోయాను. పంపు తిప్పి నిలబడ్డాను.

ఇవాళ బనియాస్ కొట్టుకి వెళ్తే కొట్టాయన, షాహబాజ్ భాయ్ ఎక్కడ, చింతపండు పట్టుకెళ్లి మళ్లీ కనిపించలేదు అన్నాడు. ఊరికి వెళ్లాడన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం. మీరు చెప్పారని చేస్తున్నాను గాని, మీ మీద నెట్టెయ్యాలని రాయడం లేదు. నేల చూసింది నేనే. అప్పటికి మీ ఉత్తరం రాలేదు.

దుర్గ


రాజమండ్రి
29 ఏప్రిల్ 2022

అమ్మా దుర్గా,

నేను మూడు వారాలుగా అరుగు దగ్గరికి పోవడం లేదు. మాణిక్యమే ఇంటికి వచ్చాడు, ఇంగ్లండ్ పలక ఫోటో ఏదిరా అని. రాలేదన్నాను. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, "ఏరా రాజూ, ఒంట్లో బాలేదా?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు అంత ప్రేమగా అడిగేసరికి ఉండలేకపోయాను. అంతా చెప్పేశాను.

వాడు నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగాడు. ఆ కావలి అబ్బాయి పేరేమిటి అన్నాడు. చెప్పడానికి నోరు రాలేదు. ఆ పేరు నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. నేను నీకు సలహా రాసినప్పుడు మాత్రం వాడూ వీడూ అన్నట్టు 'ఆ కుర్రాడు' అని రాశాను. పేరు రాస్తే అంత తేలిగ్గా రాయలేనని నాకే తెలుసు.

నీ ఉద్యోగం పోతుందని భయపడ్డానని రాశాను. అది సగమే. నువ్వు చెబితే నా పేరు కూడా చెబుతావు. అరుగు మీద చదివిన గొప్పలన్నీ నా మీదే ఉమ్మేస్తాయని భయం. ఆ భయానికి నీ చేత నోరు మూయించాను. ఇంత వయసొచ్చి ఇలాంటి పని చేసినందుకు తల ఎత్తుకోలేకుండా ఉన్నాను.

చెప్పెయ్యి తల్లీ. సలహా ఇచ్చింది మా మావయ్య అని కూడా చెప్పు. ఉద్యోగం పోతే పోనీ, టిక్కెట్టు సంగతి ఇక్కడ మేం చూసుకుంటాం. రాజమండ్రి స్టేషన్‌కి నేనే వస్తాను.

పెద్దిరాజు


అబుదాబి
15 మే 2022

మావయ్యకీ అత్తయ్యకీ దుర్గ నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే చెప్పాను. నాకు వచ్చిన ఇంగ్లీషు మీకు తెలుసుగా. "ఐ క్లీన్, సార్. షాహబాజ్ నో" అన్నాను. సార్‌కి ముందు అర్థం కాలేదు. చింతపండు పొట్లం తెచ్చి చూపించాను, పళ్లబ్రష్షు చూపించాను. మీ గురించి కూడా చెప్పాను, మీ నాట్ ఇంజను గురించి. ఆ రోజే ఎందుకు చెప్పలేదు అని అడిగారు. భయం అన్నాను. ఆయన చేత్తో మొహం కప్పుకుని, నేను అతన్ని వెళ్లగొట్టాను, నేను వెళ్లగొట్టాను అని రెండుమూడుసార్లు అన్నారు. పలక మాట మళ్లీ ఎత్తలేదు. నన్ను పొమ్మని అనలేదు, ఉండమనీ అనలేదు.

కంపెనీని అడిగితే షాహబాజ్‌ని దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో వేశారని తెలిసింది. క్యాంపు నుంచి ఫ్యాక్టరీకి లేబర్‌ని తీసుకెళ్లే బస్సు నడుపుతున్నాడు. మొన్న ఆదివారం సార్ కొత్త డ్రైవరుని రావద్దని, తనే కారు తీసి, నన్ను ఎక్కమన్నారు.

క్యాంపు గేటు దగ్గరికి షాహబాజ్ వచ్చాడు. నల్లబడ్డాడు, చిక్కాడు. ఎండలో బస్సు, ఏసీ సరిగ్గా పనిచేయదట. సార్ అతని రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నారు. షాహబాజ్ కంగారుపడి "ఖలాస్ సార్, నో ప్రాబ్లం" అన్నాడు. తిరిగి రమ్మని అడిగితే, నవ్వుతూనే, ఇక్కడ బాగుంది సార్ అన్నాడు. సార్ ఎంత బతిమాలినా అదే మాట. షాహబాజ్ లోపలికెళ్లి ముగ్గురికీ పేపరు కప్పుల్లో చాయ్ తెచ్చాడు. నాకు చక్కెర తక్కువ వేయించడం మర్చిపోలేదు.

నేను అప్పుడు అన్నాను, "రా తమ్ముడూ, నా మొహం చూసైనా రా, రాకపోతే నేనూ ఆ ఇల్లు మానేస్తాను" అని. అతను కప్పులోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"సారు నన్ను అనుమానించినాడని నాకేం బాధ లేదక్కా. ఆయనకు తెలీదు గదా. నీకు తెలుసు. నువ్వు జెప్తావు, ఇప్పుడు జెప్తావు అని నీ తట్టే జూస్తా నిలబడినా. ఇప్పుడు ఆ ఇంటికొస్తే రోజూ నీ చేతి కూడు తినాల. నాతో గాదు."

కోపంగా అని ఉంటే బాగుండేది మావయ్యా. అతని గొంతులో కోపం లేదు. చాయ్ చల్లారిపోతుంది తాగు అన్నాడు. బస్సు టైం అయిందని వెళ్లిపోయాడు.

కారు ఎక్కాక సార్ అడిగారు, షాహబాజ్ నీతో ఏమన్నాడు అని. అతను అన్నది తెలుగులో. ఆయనకి ఒక్క ముక్క తెలియదు. ఏమీ లేదు సార్, ఊళ్లో పిల్లలెలా ఉన్నారో మాట్లాడుకున్నాం అంటే సరిపోయేది. నా నాలుక మీదికి అదే వచ్చింది కూడా.

ఆపుకున్నాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, చేతులతో చూపిస్తూ, ముక్క ముక్కగా, అతను అన్నది అన్నట్టు మొత్తం చెప్పాను. నా చేతి కూడు తినలేనన్న మాటతో సహా.

సార్ కారు పక్కకి ఆపారు. వెనక్కి తిరిగి క్యాంపు ఉన్న వైపు చూసి, మళ్లీ బయల్దేరారు.

దుర్గ